మెల్‌బోర్న్ కప్‌లో ఇరవై నాలుగు గుర్రాల మధ్య మీ గుర్రాన్ని చూడటం ఎలా?

నవంబరు మొదటి మంగళవారం, మధ్యాహ్నం సరిగ్గా మూడు గంటలకు ఆస్ట్రేలియాలో పని ఆగుతుంది. మెల్‌బోర్న్‌లో ఆ రోజు ప్రభుత్వ సెలవు. సెలవు లేని రాష్ట్రాల్లో కూడా ఆఫీసుల్లో టీవీ చుట్టూ కుర్చీలు చేరతాయి. దేశాన్ని ఆపేసే పందెం అని వాళ్లు దానికి పెట్టుకున్న పేరు ఊరికే రాలేదు.

మెల్‌బోర్న్‌కు కొత్తగా వచ్చిన మనవాళ్లు అక్టోబరు నెలాఖరులో నన్ను అడిగే ప్రశ్న ఒకటే: ఏ గుర్రం మీద పెట్టమంటారు? నాకు తెలియదు. తెలిస్తే ఇలా రాస్తూ కూర్చునేవాణ్ణి కాదు. నేను చెప్పగలిగింది వేరే ఉంది. పందెం నడిచేది మూడు నిమిషాల ఇరవై సెకన్లు. ఆ కాసేపట్లో ఏం జరుగుతోందో కంటితో పట్టుకోవడం నేర్చుకోవచ్చు.

మొదటి ఏడాది నేను పట్టుకోలేకపోయాను. కంచె దగ్గర నాలుగో వరసలో నిలబడ్డాను. ముందున్నావిడ టోపీలో గుచ్చిన నెమలీక నా ముక్కుకు తగులుతోంది. నా గుర్రం నంబరు 11 అని కంఠతా పట్టుకుని వెళ్లాను. నేల అదిరింది, ఏదో గోధుమరంగు వరద కళ్ల ముందు నుంచి పోయింది, అందరూ అరిచారు, నేనూ అరిచాను. నంబరన్నది జీను కింద పరిచే గుడ్డ మీద ఉంటుందనీ, గుంపులో పరిగెత్తేటప్పుడు దాన్ని పక్క గుర్రం మెడ కప్పేస్తుందనీ అప్పటికి తెలియదు. నా గుర్రం పద్నాలుగోదిగా వచ్చిందని తిరుగు రైల్లో ఫోనులో చూసి తెలుసుకున్నాను.

మీకు ఆ గతి పట్టకూడదని ఈ వివరాలు.

ముందుగా పందెం ఆకారం తెలుసుకోండి

మెల్‌బోర్న్ కప్ 1861లో మొదలైంది. మొదటి ఏడాది ఆర్చర్ అనే గుర్రం గెలిచింది, మరుసటి ఏడూ అదే గెలిచింది. మొదట్లో దూరం రెండు మైళ్లు. 1972లో మెట్రిక్ కొలతల్లోకి మార్చి 3200 మీటర్లు చేశారు. పందెం జరిగే ఫ్లెమింగ్టన్ ట్రాక్ చుట్టుకొలత 2312 మీటర్లు. అంటే ఒక చుట్టు పూర్తిగా తిరిగినా ఇంకా 888 మీటర్లు మిగులుతాయి. అందుకని గుర్రాలు స్టాండ్ల ముందున్న పొడవాటి దారి పై చివర నుంచి బయలుదేరి, మీ ముందు నుంచి ఒకసారి పోయి, అపసవ్య దిశలో చుట్టు తిరిగి, మళ్లీ మీ ముందుకే వచ్చి ముగిస్తాయి. మీకు గుర్రాలు రెండుసార్లు దగ్గరగా కనబడతాయి. మీ ప్రణాళిక అంతా ఈ ఒక్క సంగతి మీదే కట్టాలి.

హైదరాబాదులో మలక్‌పేట రేసులు చూసినవాళ్లు కూడా ఇక్కడ తికమకపడటం చూశాను. 1200, 1400 మీటర్ల పందేలకు అలవాటుపడ్డ కంటికి, 3200 మీటర్ల పందెంలో మొదటి సగం ఏమీ జరగనట్టే ఉంటుంది. జరుగుతుంది. అది కింద చెబుతాను.

జాబితా చదవండి, మూడు గడులు చాలు

పందెంలో పాల్గొనేవి గరిష్ఠంగా 24 గుర్రాలు. తుది జాబితా ముందటి శనివారం, డెర్బీ డే అనే రేసుల రోజు ముగిశాక ఖరారవుతుంది. ఆ జాబితా వేసే రేసు పత్రికలో ఒక్కో గుర్రానికి అరపేజీ అంకెలు ఉంటాయి. బెదరకండి.

మొదట బరువు చూడండి. ఇది హ్యాండిక్యాప్ పందెం. ఎక్కువ సత్తా చూపిన గుర్రానికి ఎక్కువ బరువు, తక్కువ చూపినదానికి తక్కువ బరువు ఇచ్చి, అన్నీ ఒకేసారి గమ్యం చేరేలా లెక్క కట్టాలన్నది బరువులు నిర్ణయించే అధికారి ఆశయం. జాకీ, జీను కలిపి ఆ బరువు తూగాలి, తక్కువైతే సీసపు పలకలు పెడతారు. కనీసం 50 కిలోలు. ఒకటో నంబరు గుర్రం అన్నిటికన్నా ఎక్కువ మోస్తుంది, నంబరు పెరిగేకొద్దీ బరువు తగ్గుతూ పోతుంది. కాబట్టి నంబరు అదృష్ట సంఖ్య కాదు, ఆ గుర్రం మీద అధికారికి ఉన్న గౌరవం.

ఈ గౌరవం ఎంత భారమో ఫార్ లాప్ కథలో ఉంది. 1930లో ఆ ఎర్రగుర్రం ఎంత గట్టి ఫేవరెట్ అంటే, పందేనికి మూడు రోజుల ముందు ఎవరో కారులో వచ్చి దాని మీద తుపాకీ పేల్చారు. గురి తప్పింది. మంగళవారం దాదాపు 62.5 కిలోలు మోసి సునాయాసంగా గెలిచింది. మరుసటి ఏడు 68 కిలోలు వేశారు. ఎనిమిదో స్థానంలో వచ్చింది. దాని చర్మంతో నిలబెట్టిన బొమ్మ ఇప్పటికీ మెల్‌బోర్న్ మ్యూజియంలో ఉంది. కప్‌కు ముందు వారాంతంలో పిల్లల్ని తీసుకెళ్లి చూపించండి. గుర్రం ఎంత ఎత్తు ఉంటుందో ట్రాక్ దగ్గరకన్నా అక్కడే బాగా తెలుస్తుంది.

రెండోది, పాత పందేల వరస. పేరు పక్కన అంకెలు గొలుసుగా ఉంటాయి: 4, 1, ఎక్స్, 7, 3, 1 అనుకోండి. కుడి చివరిది తాజా పందెం. అంటే మొన్న గెలిచింది, అంతకుముందు మూడోది, దాని ముందు ఏడోది. ఎక్స్ అంటే మూడు నెలలో అంతకన్నా ఎక్కువో విశ్రాంతి. సున్నా కనబడితే సున్నా స్థానం అని కాదు, పదో స్థానమో ఇంకా వెనకో అని. విశ్రాంతి తరవాత అంకెలు చిన్నవవుతూ వస్తున్నాయంటే గుర్రం దారిలో పడుతోందన్నమాట. ఆ పందేల్లో 2400 మీటర్ల కాల్‌ఫీల్డ్ కప్ ఉంటే దానికి ఎక్కువ విలువ ఇవ్వండి.

మూడోది గేటు నంబరు. చీటీ తీసి నిర్ణయిస్తారు. ఒకటో గేటు లోపలి కంచె పక్కన, 24వ గేటు బయటి చివర. మొదటి మలుపు చాలా దూరంలో ఉంది కాబట్టి బయటి గేటు వచ్చినంత మాత్రాన కొంప మునగదు, కాని లోపలికి చేరడానికి కష్టపడాలి.

ఇవి గాక తాత, ముత్తాత, అమ్మమ్మ వంశావళి ఉంటుంది. మన పెళ్లి సంబంధాల బయోడేటాలకు తీసిపోదు. మొదటి ఏడాదికి వదిలేయండి.

రంగులు బట్టీ పట్టండి

అసలు పని ఇదే. దీనికి పదిహేను నిమిషాలు కేటాయించండి.

ప్రతి యజమానికీ నమోదైన రంగులు ఉంటాయి. జాకీ వేసుకునే చొక్కా, టోపీ ఆ రంగుల్లోనే కుట్టిస్తారు. దూరం నుంచి గుర్రాలు అన్నీ ఒకటే గోధుమరంగు. చొక్కాలు మాత్రం వేరువేరు. పత్రికలో ఇరవై నాలుగు చొక్కాల బొమ్మలు రంగుల్లో వేస్తారు. మీ గుర్రం చొక్కా చూడండి: ఒంటి రంగా, అడ్డగీతలా, చుక్కలా, నక్షత్రమా? చేతులు వేరే రంగా? తరవాత టోపీ చూడండి. టోపీ అన్నిటికన్నా ముఖ్యం, ఎందుకంటే గుంపులో చొక్కా సగం కప్పబడిపోయినా టోపీ పైకి తేలి కనబడుతుంది. ఒకే యజమానివి రెండు మూడు గుర్రాలు ఉంటే చొక్కాలు ఒకేలా ఉండి టోపీల్లోనే తేడా ఉంటుంది. అక్కడే చాలామంది పక్కగుర్రాన్ని చూసి గొంతు పోగొట్టుకుంటారు.

ఇక రంగుల్ని మన మాటల్లోకి మార్చుకోండి. పసుపు చొక్కా, ఎర్రటోపీ ఉంటే నేను పసుపుకుంకుమ అనుకుంటాను. ఆకుపచ్చ మీద తెల్లచుక్కలుంటే జామకాయ ఉప్పు. నవ్వుతారేమో, కాని గుర్రాలు గంటకు దాదాపు 58 కిలోమీటర్ల వేగంతో వస్తున్నప్పుడు "ముదురు నీలం, తెలుపు వికర్ణ పట్టీ" అని మనసులో అనుకునే తీరిక ఉండదు.

2015లో ఊదా, ఆకుపచ్చ, తెలుపు రంగుల చొక్కా చూస్తూ కూర్చున్నవాళ్లు అదృష్టవంతులు. ఆ చొక్కాలో ఉన్నది మిషెల్ పేన్, కింద ఉన్నది ప్రిన్స్ ఆఫ్ పెన్‌జాన్స్. పందెం ధర ఒకటికి వంద, అంటే ఎవరూ లెక్కలో వేసుకోని గుర్రం. దాని సైసు, అంటే గుర్రం ఆలనాపాలనా చూసే మనిషి, ఆమె అన్న స్టీవీ. గేట్ల చీటీ తీయడానికి వెళ్లి ఒకటో గేటు పట్టుకొచ్చింది ఆయనే. ఆ గుర్రం తన ఒంటి పొడవులో సగం తేడాతో గెలిచింది, కప్ గెలిచిన మొదటి మహిళా జాకీగా మిషెల్ చరిత్రకెక్కింది. పదేళ్లకు, 2025లో, హాఫ్ యువర్స్ మీద జేమీ మెల్హమ్ రెండో మహిళ అయింది.

ఆఫీసు చీటీలో చేరండి, లేదా మీరే నడపండి

గుర్రాల గురించి ఏమీ తెలియకుండా ఒక గుర్రాన్ని సొంతం చేసుకునే పద్ధతి ఆస్ట్రేలియాలో ప్రతి ఆఫీసులోనూ ఉంది. దాన్ని స్వీప్ అంటారు. ఇరవై నాలుగు చీటీల మీద ఇరవై నాలుగు పేర్లు రాసి డబ్బాలో వేస్తారు. మనిషికి అయిదు డాలర్లు ఇచ్చి ఒక చీటీ తీస్తారు. 120 డాలర్లు పోగవుతాయి. మొదటి స్థానానికి 70, రెండుకు 30, మూడుకు 15, చిట్టచివర వచ్చిన గుర్రానికి అయిదు తిరిగి ఇస్తే అందరికీ నవ్వు మిగులుతుంది.

మీరు నడిపితే రెండు నియమాలు ముందే గోడకు అంటించండి. ఒకటి, గుర్రం పందెం నుంచి తప్పుకుంటే ఏం చేస్తారు? చీటీ డబ్బు వాపసు ఇచ్చి, బహుమతుల్లో ఆ మేర తగ్గించడం తేలిక. రెండు, ఆ రోజు సెలవులో ఉన్నవాళ్ల తరఫున చీటీ ఎవరు తీస్తారు? మా దగ్గర ఒకసారి ఈ రెండో సంగతి మీద వచ్చిన తగవు క్రిస్మస్ దాకా నడిచింది. వసూలైనదంతా బహుమతులకే పోవాలని వేరే చెప్పక్కరలేదు.

నా మటుకు నాకు అయిదు డాలర్ల చీటీ చాలు. పందెం కాసే కౌంటర్ల వైపు వెళ్లాలనుకుంటే, పోయినా బాధపడని మొత్తం పర్సులో పెట్టుకుని, కార్డు ఇంట్లో వదిలి వెళ్లండి. 2024లో నైట్స్ చాయిస్ అనే గుర్రం 51 కిలోలు మోసి, జపాను నుంచి వచ్చిన వార్ప్ స్పీడ్ మీద ముక్కు తేడాతో గెలిచింది. దానిమీద దాదాపు ఎవరికీ ఆశ లేదు. మిషెల్ పేన్ ఏడాదీ అంతే. నిపుణులే చేతులెత్తేసే పందెంలో మన జీతం పరీక్షించుకోవడం దేనికి?

ఆ రోజు వెళ్లడం

టికెట్ ముందే కొనండి. నగరం నడిబొడ్డున ఫ్లిండర్స్ స్ట్రీట్ నుంచీ, సదరన్ క్రాస్ నుంచీ నేరుగా రేసుకోర్సుకే ప్రత్యేక రైళ్లు నడుస్తాయి. కారు ఆలోచన మానుకోండి. 2003లో కప్ రోజున 1,22,736 మంది వచ్చారు. ఇప్పుడు అంత లేకపోయినా జాతర జాతరే.

బట్టల గురించి ఎక్కువ దిగులు వద్దు. సభ్యుల స్టాండుకు కట్టుబాట్లు ఉన్నాయి, మామూలు టికెట్టుకు అంత పట్టింపు లేదు. అయినా అందరూ ముస్తాబై వస్తారు. పట్టుచీర కట్టుకెళితే ఎవరూ వింతగా చూడరు, ఫొటో అడుగుతారు. 1965లో డెర్బీ రోజున జీన్ ష్రింప్టన్ అనే ఇంగ్లండు మోడల్ టోపీ, చేతితొడుగులు, మేజోళ్లు లేకుండా మోకాలిపైకి ఉన్న గౌనుతో వచ్చిందని ఊరంతా గగ్గోలు పెట్టిన చోటు ఇది. కప్ రోజు పువ్వు పసుపు గులాబి. కోటుకు ఒకటి గుచ్చుకుంటే సరిపోతుంది. చెప్పులు మాత్రం నడవగలిగేవి వేసుకోండి. గొడుగు, సన్‌స్క్రీన్ రెండూ ఉండాలి. మెల్‌బోర్న్ నవంబరులో రెండూ ఒకే గంటలో అవసరపడతాయి.

ఇండియాలో ఉన్నవాళ్లకు పందెం ఉదయం తొమ్మిదిన్నరకు. ఇడ్లీ తింటూ చూడొచ్చు.

రెండుంబావుకల్లా పెరేడ్ దగ్గరికి చేరండి

చాలామంది చేసే పొరపాటు, పందెం చూడటానికి వెళ్లి గుర్రాన్ని చూడకపోవడం. పందేనికి ముందు గుర్రాలను గుండ్రంగా నడిపిస్తారు. అక్కడ మీ గుర్రం మీకు పది అడుగుల దూరంలో ఉంటుంది. చర్మం నిగనిగలాడుతోందా? తల దించి, చెవులు కదుపుతూ బారుగా అడుగులేస్తోందా? మెడ మీద, వెనక కాళ్ల మధ్య నురగలా చెమట పట్టి, సైసును ఈడ్చుకుపోతోందంటే తన శక్తి అక్కడే ఖర్చుపెడుతోందని అర్థం. 3200 మీటర్లు పోవాల్సిన గుర్రానికి అది దుబారా. చివరగా జాకీ ఎక్కగానే టోపీని ఇంకోసారి చూసి కళ్లలో ముద్ర వేసుకోండి.

అవి ట్రాక్ మీదికి వెళ్లేటప్పుడు మీరూ కదలండి. గమ్యాన్ని సూచించే స్తంభం, అంటే విన్నింగ్ పోస్టు ఎదుట జనం కిక్కిరిసి ఉంటారు. పోస్టుకు ఓ 150 మీటర్ల ముందు, కాస్త ఎత్తుగా, పెద్దతెర కనబడే చోట నిలబడండి. దుర్భిణి ఉంటే తెచ్చుకోండి.

మూడు నిమిషాల ఇరవై సెకన్లు

గేట్లు తెరుచుకోగానే గెలిచేదెవరని వెతకకండి. మీ టోపీని వెతకండి. ముందుందా, మధ్యలోనా, వెనకా? అంతే.

దాదాపు నిమిషానికి గుర్రాలు మొదటిసారి మీ ముందు నుంచి పోతాయి. ఇక్కడ రెండు సంగతులు చూడండి. మీ గుర్రం కంచె నుంచి ఎన్ని గుర్రాల వెడల్పు బయట ఉంది? నాలుగోదిగా బయట పరిగెడుతుంటే మలుపులన్నిటిలోనూ ఎక్కువ దూరం తిరగాలి. రెండోది, దాని ముందు ఇంకో గుర్రం ఉందా? ఉంటే గాలి దెబ్బ తగలదు. జాకీ చేతులు కదలకుండా, గుర్రం మెడ వంచి హాయిగా పోతుంటే సంతోషించండి. తల పైకెత్తి కళ్లెం లాగుతుంటే పరుగు మీద ఆత్రం, జాకీ ఆపలేకపోతున్నాడు. ఏమీ జరగనట్టు కనబడే మొదటి సగంలో సగం గుర్రాలు ఇలా ఓడిపోతాయి.

అక్కణ్ణించి అవి నది పక్కకి వెళ్తాయి. కంటికి చీమల బారులా ఉంటాయి. ఇప్పుడు పెద్దతెర చూడండి, వ్యాఖ్యాత గొంతు వినండి. వరసగా పేర్లు చదువుకుంటూ వస్తాడు. మీ గుర్రం పేరు ఎన్నోదో లెక్కపెట్టుకోండి.

చివరి మలుపు తిరిగాక 450 మీటర్ల తిన్నని దారి ఉంటుంది. తెర వదిలేసి మళ్లీ ట్రాక్ చూడండి. ముందున్న గుర్రాన్ని చూడాలని కళ్లు లాగుతాయి, లొంగకండి. అక్కడ తొందరపడి ముందుకు దూకినవాటిలో చాలా వరకు చివరి 200 మీటర్లలో కాళ్లు బరువెక్కి ఆగిపోతాయి. మీ టోపీకి ఎదురుగా ఖాళీ ఉందా, గుర్రాల గోడ ఉందా చూడండి. 2015లో రెండో స్థానంలో వచ్చిన మాక్స్ డైనమైట్ మీద జాకీ ఫ్రాంకీ డెట్టోరీ దారి కోసం పక్కకు జరిగి ఇతర గుర్రాలకు అడ్డుపడ్డాడని జరిమానా, సస్పెన్షన్ రెండూ వేశారు. దారి దొరకడమన్నది అంత పెద్ద విషయం.

ఒక మాట దాచకుండా చెప్పాలి. ఈ పందెంలో గుర్రాలు గాయపడి చనిపోయిన సంవత్సరాలు ఉన్నాయి. 2018లో ద క్లిఫ్స్ ఆఫ్ మొహర్, 2020లో ఆంథొనీ వాన్ డైక్. అందుకే పందేన్ని బహిష్కరించే మెల్‌బోర్న్ వాసులు ఉన్నారు, మీ ఆఫీసులోనూ ఒకరిద్దరు ఉంటారు. 2020 తరవాత విదేశీ గుర్రాల కాళ్లకు స్కాన్లు తీయడం వంటి నియమాలు కఠినం చేశారు. పిల్లలతో వెళ్తుంటే ఈ సంగతి ముందే మనసులో ఉంచుకోండి. చీటీ తీయనన్న సహోద్యోగిని బలవంతపెట్టకండి.

పోస్టు దాటాక

చీటీ చింపేయకండి. దగ్గరి ముగింపు అయితే గమ్యం గీత దగ్గర తీసిన ఫోటో చూడాలి. 2011లో డునాడెన్, రెడ్ కాడో గీత దాటినప్పుడు చూసినవాళ్లెవరికీ తేడా తెలియలేదు. ఫోటో డునాడెన్‌దే అంది. రెడ్ కాడో పాపం 2013లోనూ, 2014లోనూ కూడా రెండోదిగానే వచ్చింది. ఫోటో తరవాత జాకీలు జీనుతో సహా మళ్లీ తూకం ఎక్కుతారు. ఫిర్యాదులేమైనా ఉంటే విచారిస్తారు. అప్పుడు గాని "కరెక్ట్ వెయిట్" అని ప్రకటించరు. ఆ మాట వినబడ్డాకే ఫలితం ఖాయం, స్వీప్ డబ్బు పంచడం కూడా అప్పుడే.

మీ గుర్రం ఎన్నోదైనా సరే, వెంటనే స్టేషను వైపు పరుగెత్తకండి, లక్షమందికీ అదే ఆలోచన వస్తుంది. గులాబీ తోట దగ్గర కూర్చుని ఇంకో పందెం చూడండి. అయిదున్నర ప్రాంతంలో ప్లాట్‌ఫారం మీద ఎత్తుమడమల చెప్పులు చేత్తో పట్టుకుని, ఉత్త కాళ్లతో నిలబడ్డ ఆడవాళ్లు కనబడతారు. వాళ్ల వెనకే వరసలో చేరిపోండి.